సరాల్ దిగే చెరువు పక్కన

హౌరాలో ఖరగ్‌పూర్ రైలెక్కితే పది కిలోమీటర్ల లోపే సంత్రాగాఛి వస్తుంది. మన వైపు నుంచి వచ్చే రైళ్లు కొన్ని ఇక్కడే ఆగిపోతాయి కాబట్టి స్టేషన్ పేరు మీలో చాలామందికి తెలుసు. ఊరు తెలియాలంటే మాత్రం పుష్యమాసంలో రావాలి. శ్రీకాకుళం వదిలి ఇక్కడ కాపురం పెట్టిన నాకు ఈ నేల చరిత్ర ఒంటబట్టింది చలికాలాల్లోనే.

ముందు రైలు సంగతి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1887లో ఏర్పడింది. 1900లో రూప్‌నారాయణ్ నది దాటి దాని లైను హౌరా చేరింది. రెండేళ్లకు మన తీరపు లైనులో ఉత్తర భాగం కూడా ఆ కంపెనీ చేతికొచ్చింది. అప్పటి విశాఖపట్నం, గంజాం జిల్లాల వాళ్లకు బెంగాల్లో బతుకుతెరువు దొరికింది. ఖరగ్‌పూర్ వర్క్‌షాపు చుట్టూ తెలుగు వాడలే వెలిశాయి. 1928లో ఈ రైల్వే కార్మికుల సమ్మెను ముందుండి నడిపినవాడు బరంపురంలో పుట్టిన మన వి.వి. గిరి. రాష్ట్రపతి కావడం చాలా తర్వాతి మాట. 1955లో ఆ లైన్లు ఆగ్నేయ రైల్వే కిందికి వచ్చాయి.

స్టేషన్ పక్కనున్న పెద్ద చెరువు, ఇక్కడివాళ్ల మాటలో ఝీల్, కూడా రైల్వే స్థలమే. నవంబరు నుంచి బాతులు దిగుతాయి. సైబీరియా పక్షులంటూ అందరూ చూపిస్తారు గానీ, వాటిలో ఎక్కువ భాగం ఈల వేసే చిన్న బాతులు, బెంగాలీలు సరాల్ అనేవి. అవి మన దేశపు పక్షులే, నీటిని వెతుక్కుంటూ తిరుగుతాయి. హిమాలయాలు దాటి వచ్చే సూదితోక బాతుల్లాంటివి వాటి మధ్య కొద్దిగా కనిపిస్తాయి. ఈ తేడా తెలిస్తే చెరువు మీద గౌరవం పెరుగుతుందని నా నమ్మకం. దూరపు చుట్టాలకే కాదు, ఇంటి పక్షులకూ ఈ నీరే దిక్కు.

వాటిని నిలబెట్టేది గుర్రపుడెక్క. చెరువంతా అల్లుకుంటే నీరు కనబడదు, బాతులు దిగవు. మొత్తం పీకేస్తే పగలు కునుకు తీయడానికి చోటుండదు. అందుకే చలి ముదరకముందే దాన్ని తీయించి, నడుమ కొంత దీవుల్లా వదిలేస్తారు. ఆ పని ఆలస్యమైన ఏడాది పక్షులు తగ్గాయి. చుట్టుపక్కల మురుగునీరు చేరుతోందన్న గొడవ జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. మన నౌపడా దగ్గర తేలినీలాపురంలో కొంగలు వచ్చిన ఏడాది ఊరికి మంచిదంటారు కదా, అదీ ఈ లైను మీదిదే. రెండు ఊళ్లనూ ఒక్క పట్టా కలుపుతోందన్న ఆలోచన నాకెంతో ఇష్టం.

ఇక తిండి. సంత్రాగాఛి ఓల్ అంటే బెంగాల్లో పేరుమోసిన కంద. మనకు కొవ్వూరు నుంచి వచ్చిన గజేంద్ర రకం ఎలాగో, వీళ్లకు ఇది అలాగ. ఉడికించి ఆవముద్ద, పచ్చి ఆవనూనె కలిపి అన్నంలో పెడతారు. కంద బచ్చలికి ఆవ పెట్టే ఇంట్లో పెరిగినదాన్ని, మొదటి ముద్దకే ఊరు నాదైంది.

అన్నిటికన్నా గొప్పది కొత్త ఈతబెల్లం, నొలెన్ గుడ్. మన దగ్గర ఈతచెట్టు అంటే కల్లే. ఇక్కడ అదే చెట్టును షియులీలనే గీతగాళ్లు సాయంత్రం చెక్కి కుండ కడతారు, పొద్దెక్కకముందే దించుతారు. ఎండ తగిలితే రసం పులుస్తుంది. చలి ఎంత గట్టిగా ఉంటే రసం అంత తేటగా, తియ్యగా ఉంటుంది. వరసగా కొన్ని రాత్రులు గీశాక చెట్టుకు మూడు నాలుగు రోజులు విశ్రాంతినిస్తారు. ఆ విశ్రాంతి తర్వాత దిగిన మొదటి రసమే మేలురకం. నరేంద్రనాథ్ మిత్ర ‘రస్’ కథంతా ఈ పని చుట్టూ నడుస్తుంది. అమితాబ్, నూతన్ నటించిన 1973 నాటి ‘సౌదాగర్’ దాని నుంచి వచ్చిందే. జయనగర్ మోవాలో పేలాలను పట్టి ఉంచేదీ ఈ బెల్లమే. 2015లో ఆ మిఠాయికి భౌగోళిక గుర్తింపు దక్కింది. చలి తగ్గిన ఏడాది బెల్లంలో ఆ వాసన ఉండదని ఇక్కడి పెద్దలు దిగులుపడతారు. నేనూ పడతాను.

మన సంక్రాంతే వీళ్ల పౌష సంక్రాంతి. మనం అరిసెలు వండే వేళకు వీళ్లు కొబ్బరి, బెల్లం కూరి పాటిసాప్టా చుడతారు, పాలలో ‘పులి’ అనే పిండివంట ఉడికిస్తారు. రేగుపళ్ల దగ్గరే పద్ధతి వేరు. మాఘ శుద్ధ పంచమి నాడు సరస్వతీ పూజ అయ్యేదాకా పిల్లలు వాటిని నోట పెట్టకూడదు, పెడితే చదువు రాదంటారు. భోగినాడు మా ఇంట్లో పక్కింటి పిల్లల్నీ పీటల మీద కూర్చోబెట్టి పళ్లు పోస్తాను. బుట్టలో మిగిలినవాటిని వాళ్ల నానమ్మ పట్టుకెళ్లి ఉప్పు చల్లి ఎండబెడుతుంది. పంచమి దాటాక బెల్లం వేసి పచ్చడి చేసి, ఒక సీసా మాకు పంపుతుంది.