చుక్క, గీత, మాత్ర

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపాను కోనసీమను ఛిన్నాభిన్నము చేసినది. వెయ్యిమందికి పైగా మరణించిరి. కొబ్బరితోటలతోపాటు విద్యుత్తు, టెలిఫోను స్తంభములు కూలినవి. ఇట్టి వేళలలో తీగల అక్కర లేక, బ్యాటరీతోనే వార్త పంపగలది రేడియో. అందునను కంఠధ్వనికి సుమారు 2,500 హెర్ట్జుల పట్టీ కావలెను. మోర్సు సంకేతములకు 150 చాలును. కనుకనే మాట రొదలో మునిగిపోయిన చోట కూడ మోర్సు వినబడును.

1844లో అమెరికాలో తీగపై ఆరంభమై, 1865లో అంతర్జాతీయమైన ఈ విద్యలో ఔత్సాహిక రేడియో విద్యార్థికి అసలు చిక్కు అక్షరములు కావు, కాలము. నన్నయ భారతము రచించిన రాజమహేంద్రవరపు సీమలో లఘుగురువులు బడిపిల్లలకు కొత్త కాదు. చుక్క లఘువు, గీత గురువు అనుకొందురు. కాని గురువునకు రెండు మాత్రలే. గీతకు మూడు చుక్కల కాలము! (ఛందస్సు బాగుగా వచ్చినవాడే ఇచట తడబడవచ్చును.) మౌనమునకును కొలత ఉన్నది. చుక్కకు, గీతకు నడుమ ఒక చుక్కంత విరామమున్న 'ఏ' అగును; మూడింతలున్నచో 'ఈ', 'టీ' అను రెండక్షరములగును.

2003లో అంతర్జాతీయ సమావేశము మోర్సు పరీక్షను ఆయా దేశముల ఇష్టమునకు విడిచినది. ఆ పిదపను మన దేశము పై తరగతి లైసెన్సుకు నిమిషమునకు 8 మాటల వేగమును కోరినది. ఆ వేగమున చుక్క నిడివి 0.15 సెకను, లెక్కించుటకు వ్యవధి ఉండదు. అందువలన కాగితముపై చుక్కలు గీచుట మాని, ప్రతి అక్షరమును ఒకే నాదముగా చెవితో పట్టిన పిదపనే కీపై చేయి వేయవలెను.