మబ్బు పోయింది, ఆమ్లం పోలేదు

2012 సెప్టెంబరు 27, గురువారం. దక్షిణ కొరియాలో చుసోక్ పండగకు ఇంకా మూడు రోజులే ఉన్నాయి. పంట చేతికొచ్చే వేళ చేసుకునే పండగ అది. పట్నాల్లో ఉద్యోగాలు చేసుకునే కొడుకులూ కూతుళ్లూ పిల్లల్ని వెంటబెట్టుకుని సొంతూళ్లకు చేరతారు. కొత్త బియ్యప్పిండితో వంటలు చేసి పెద్దలకు పెట్టుకుంటారు. గుమీ నగర శివార్లలో బొంగ్సాన్, ఇమ్‌చన్ అనే రెండు పల్లెలున్నాయి. అక్కడా అదే హడావుడి. వరి కోతకొచ్చింది, తోటల్లో ద్రాక్ష ఉంది, కొట్టాల్లో పశువులున్నాయి. ఆ పొలాల పక్కనే గుమీ నాలుగో పారిశ్రామికవాడ.

గుమీ అంటే కొరియాలో ఎలక్ట్రానిక్స్‌కు పెట్టింది పేరు. నక్తోంగ్ నది ఒడ్డున టీవీ తెరలు, సెల్‌ఫోన్లు తయారు చేసే ఊరు. తెర గాజును పలచగా చెక్కడానికీ, చిప్పుల మీది పొరను కడగడానికీ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కావాలి. గాజును కరిగించే ఆమ్లం అది. అందుకే దాన్ని గాజు సీసాలో దాచరు. దాన్ని సరఫరా చేసే చిన్న కంపెనీల్లో హ్యూబ్ గ్లోబల్ ఒకటి. చైనా నుంచి నీటి చుక్క కలవని హైడ్రోజన్ ఫ్లోరైడ్ పెద్ద ట్యాంకుల్లో ఇక్కడికి వస్తుంది. ఒక్కో ట్యాంకులో సుమారు 20 టన్నులు.

మధ్యాహ్నం మూడు దాటింది. ఆవరణలో ఆగి ఉన్న ట్యాంకు మీదికి పనివాళ్లు ఎక్కారు. లోపలి సరుకును ఫ్యాక్టరీ నిల్వ తొట్టిలోకి మళ్లించాలి. గొట్టం తెచ్చి ట్యాంకు మూతికి బిగించి, బిగింపు సరిచూసుకుని, అప్పుడు వాల్వ్ తెరవాలి. తిప్పితే నిదానంగా తెరుచుకునే రకం వాల్వ్ కాదది. పిడి ఒక పక్కకు వాలితే చాలు, దారి పూర్తిగా తెరుచుకుంటుంది. మొహానికి పూర్తి మాస్కు, ఒంటికి ఆమ్లం దిగని సూటు ఉండాలి. అవి వాళ్ల ఒంటి మీద లేవు.

ఆవరణలోని కెమెరా ఆ తర్వాతి క్షణాల్ని చూసింది. సమయం 3 గంటల 43 నిమిషాలు. గొట్టం ఇంకా బిగించలేదు. వాల్వ్ మాత్రం తెరుచుకుంది. ట్యాంకు మీద నిలబడిన మనుషుల కాళ్ల దగ్గర్నుంచి తెల్లటి ధార పైకి చిమ్మింది. రెప్పపాటులో మనుషులు కనిపించలేదు. తెల్లటి మబ్బు ఆవరణంతా కమ్మింది.

హైడ్రోజన్ ఫ్లోరైడ్ 19.5 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. పొయ్యి అక్కర్లేదు, పగటి వెచ్చదనమే చాలు. బయటికొచ్చిన వెంటనే గాలిలోని తేమను పట్టుకుని పొగమంచులా మారుతుంది. ఆ పొగమంచు చల్లగా, బరువుగా నేలను అంటుకుని పాకుతుంది. కళ్లకు తగిలితే కన్ను, ఊపిరికి తగిలితే ఊపిరితిత్తులు కాలిపోతాయి. ఆ సాయంత్రం బయటికొచ్చింది దాదాపు 8 టన్నులు. దాని వల్ల అయిదుగురు కార్మికులు చనిపోయారు. పండగకు ఇంటికెళ్లవలసిన మనుషులు.

ఫైరింజన్లు వచ్చాయి. ఆ సిబ్బంది ధైర్యాన్ని ఎవరూ శంకించలేరు. మనుషులు పడిపోయి ఉన్న చోటికి, కన్ను కానరాని తెల్ల పొగలోకి వాళ్లు నడిచి వెళ్లారు. లోపమల్లా వాళ్లకు అందవలసిన సమాచారం అందకపోవడంలో ఉంది. తాము దేన్ని ఎదుర్కొంటున్నామో, దానికి ఏది తొడుక్కోవాలో, ఏది చల్లాలో ముందే తెలిసి ఉండాలి. చేతిలో ఉన్నది నీళ్లు. నీళ్లే కొట్టారు.

నీళ్లు కొట్టడం పూర్తిగా తప్పని అనలేం. ఈ ఆవిరి నీటిలో ఇట్టే కలిసిపోతుంది. మబ్బుకు ఎదురుగా దూరం నుంచి సన్నటి తుంపరను తెరలా నిలబెడితే చాలావరకు కిందికి దిగుతుంది. కానీ నేల మీద మడుగు కట్టిన ద్రవం మీద నేరుగా నీళ్లు పడితే వేడి పుట్టి ఇంకా ఎక్కువ ఆవిరి లేస్తుంది. తుంపరతో దిగినది కూడా మాయమైపోదు. ఆమ్లపు నీరై కాలువ పట్టుకుని పారుతుంది. దాన్ని ఆపి సున్నంతో చంపాలి. సున్నంలోని కాల్షియం, ఆమ్లంలోని ఫ్లోరైడ్‌ను పట్టుకుని, నీటిలో కరగని పొడిగా మారుస్తుంది. ఇంత ప్రమాదానికి విరుగుడు ఇంత చౌకైన వస్తువు. కానీ ఆమ్లం దిగుమతయ్యే చోట సున్నం బస్తాలు సిద్ధంగా లేవు. వెతికి తెచ్చి చల్లేసరికి మర్నాడైంది.

ఈ ఆమ్లానికి మనిషి ఒంట్లో కావలసింది కూడా కాల్షియమే. గంధకామ్లం పడితే ఒళ్లు పైన మాడుతుంది, మనిషి అప్పుడే అరుస్తాడు. హైడ్రోఫ్లోరిక్ తీరు వేరు. పలచటిదైతే పడిన చోట మొదట ఏమీ కనిపించకపోవచ్చు, నొప్పి గంటల తర్వాత మొదలుకావచ్చు. ఆలోగా అది చర్మాన్ని దాటి మాంసంలోకి, ఎముకలోకి దిగి, దొరికిన కాల్షియమూ మెగ్నీషియమూ లాగేసుకుంటూ పోతుంది. రక్తంలో కాల్షియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. గాఢమైన ఆమ్లమైతే అరచేతులంత మేర కాలినా ప్రాణాపాయమే. పైకి చిన్న గాయం, లోపల ఆగిపోబోతున్న గుండె. తెలియని డాక్టరు కాలిన గాయాల మందు రాసి ఇంటికి పంపేస్తాడు.

తెలిసిన డాక్టరు చేసే పని వేరు. బట్టలు విప్పించి ధారాళంగా నీళ్లు పోయిస్తాడు. వెంటనే 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాసి, నొప్పి తగ్గేదాకా రుద్దుతూనే ఉండమంటాడు. అవసరమైతే అదే మందును ఇంజెక్షన్‌గా ఇస్తాడు, పీల్చిన వాళ్లకు ఆవిరిగా పట్టిస్తాడు. ఈసీజీ మీద కన్ను వేసి ఉంచుతాడు. ఇక్కడ నొప్పి ఒక కొలమానం. మందు చాలిందో లేదో అదే చెబుతుంది. అందుకే ముందే మత్తిచ్చి నొప్పిని చంపేస్తే గాయం లోలోపల ఎక్కడిదాకా పోయిందో తెలియదు. తుప్పు వదిలించే కొన్ని ద్రావణాల్లో, గాజు చెక్కే చోట్ల, స్టీలు శుభ్రం చేసే చోట్ల ఈ ఆమ్లం మన దగ్గరా వాడతారు. ఆ పని చేసే తమ్ముళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్కటి గుర్తుంచుకోండి. ఒంటి మీద చుక్క పడితే, నొప్పి లేకపోయినా, ఆస్పత్రిలో ఆ ఆమ్లం పేరు చెప్పండి. పేరు నోరు తిరక్కపోతే డబ్బా మీది కాగితం చింపి పట్టుకెళ్లండి.

ఫ్లోరిన్‌కు ఎముక మీద ఎంత పట్టో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నల్గొండ బావుల్లో లీటరు నీటికి కొన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి చేసిన పని మనం కళ్లారా చూశాం. నడుం వంగిన నడివయసు వాళ్లు, కాళ్లు వంకర్లు తిరిగిన పిల్లలు. గుమీలో అదే మూలకం ఒక్క సాయంత్రంలో టన్నుల లెక్కన ఊరి మీద పడింది.

ఆ రాత్రికి పల్లెల జనాన్ని ఖాళీ చేయించారు. రాత్రి చాలా పొద్దుపోయాక గానీ ట్యాంకు మూతి మూతపడలేదు. తెల్లారింది. మబ్బు లేదు. గాలిని పరీక్షించిన సాధనాలు భయపడాల్సింది లేదన్నాయి. ప్రమాద హెచ్చరిక ఎత్తేశారు. శుక్రవారం నాడే ఊళ్లోకి వెళ్లిపోవచ్చని జనానికి చెప్పారు. ఎల్లుండే పండగ.

ఈ కథలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టేది ఈ ఘట్టమే. వాల్వ్ దగ్గర జరిగిన పొరపాటు ఒక క్షణానిది. జనాన్ని వెనక్కి పంపిన నిర్ణయం అలాంటిది కాదు. అధికారులు కూర్చుని, ఆలోచించి తీసుకున్నది. గాలి కొలిచే సాధనం ఆ క్షణాన, ఆ చోట గాలిలో ఎంత ఉందో చెబుతుంది. నిన్న సాయంత్రం ఆకుల మీద, గడ్డి మీద, పెరట్లో ఆరేసిన మిరపకాయల మీద ఎంత దిగిందో చెప్పదు. నమ్మడానికి అందరికీ అనువుగా ఉన్న మాట కాబట్టి నమ్మేశారు.

జనం ఇళ్లకొచ్చారు. పండగ చేసుకున్నారు. చుట్టూ ఉన్న పచ్చదనం రోజురోజుకీ రంగు మారింది. వరి ఆకు తెల్లబారింది. ద్రాక్ష తీగ ఎండి, కాయ తీగ మీదే ముడుచుకుంది. కొండ మీది చెట్లు మంట తగిలినట్టు గోధుమరంగులోకి తిరిగాయి. పశువులు దగ్గాయి, చొంగ కార్చాయి, మేత ముట్టలేదు. మనుషులకు గొంతు మంట, ఒంటి మీద దద్దుర్లు, తలనొప్పి, కళ్ల నీళ్లు. రోజూ ఆస్పత్రికి వచ్చే వాళ్ల సంఖ్య పెరుగుతూ పోయింది. ఆ సాయంత్రం అక్కడ పనిచేసిన ఫైర్‌మెన్, పోలీసులు, వార్త రాయడానికి వెళ్లిన విలేకరులు కూడా ఆ వరసలో ఉన్నారు. మొత్తం 12 వేల మంది దాకా వైద్యం చేయించుకున్నారు. 200 హెక్టార్లకు పైగా పంట పోయింది. వేల పశువులకు జబ్బు చేసింది.

అక్టోబరు 6న పల్లెల వాళ్లు తమంతట తామే మూటలు కట్టుకుని ఊళ్లు వదిలారు. ఇది నిరసన కాదు, ప్రాణభయం. ఆకు ఏం చెబుతోందో రైతుకు అర్థమైంది. రెండు రోజులకు, అక్టోబరు 8న, ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని ప్రత్యేక విపత్తు ప్రాంతంగా ప్రకటించింది. ప్రమాదం జరిగి అప్పటికి 11 రోజులు. ఆ ఏడు పండిన పంటను ఎవరూ తినలేదు, కోసి పారేశారు. పల్లెల వాళ్లు శిబిరాల్లోనే ఉండి, చలికాలం నడుమ డిసెంబరులో గానీ ఇళ్లకు తిరిగి రాలేదు.

గుమీకి ఇదేమీ మొదటి పాఠం కాదు. 1991 మార్చిలో ఇదే నగరంలోని ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ నుంచి 30 టన్నుల ఫినాల్ నక్తోంగ్ నదిలో కలిసింది. దిగువన ఉన్న తేగు నగరం కొళాయిల్లో కంపు కొట్టే నీళ్లు వచ్చాయి. దేశమంతా మండిపడింది. చట్టాలు బిగిశాయి. అయినా ఇరవై ఏళ్ల తర్వాత అదే ఊళ్లో ఒక ట్యాంకు మీద మాస్కు లేని మనుషులు నిలబడ్డారు. ఆ తర్వాత కూడా, 2013 జనవరి చివర్లో, గుమీ ప్రమాదం జరిగిన నాలుగు నెలలకే, హ్వాసంగ్‌లోని శాంసంగ్ చిప్పుల కర్మాగారంలో ఇదే ఆమ్లం కారి ఒక కార్మికుడు చనిపోయాడు. ఆ కబురు అధికారులకు చేరేసరికి ఒక రోజు గడిచిపోయింది. ప్రజల కోపం తట్టుకోలేక రసాయనాల చట్టాన్ని తిరగరాశారు, 2015 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. ప్రమాదం జరిగితే ఫ్యాక్టరీ గోడ బయట ఎంత దూరం నష్టం జరుగుతుందో కంపెనీ ముందే లెక్కగట్టాలని అందులో రాశారు. పర్యావరణ శాఖ వాళ్లు, అగ్నిమాపక శాఖ వాళ్లు ఒకే కప్పు కింద పనిచేసే కేంద్రాలు పెట్టారు. వాటిలో ఒకటి గుమీలోనే ఉంది.

కొరియా కథ మనకెందుకని ఎవరూ అనకూడదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. ఫ్యాక్టరీ ఎల్‌జీ పాలిమర్స్, దాని మాతృసంస్థ కొరియాదే. స్టైరీన్ ఆమ్లం కాదు, దాని తీరు వేరు. కానీ నిద్రలో ఉన్న జనం ఎటు పరిగెత్తాలో తెలియక రోడ్ల మీద కుప్పకూలారు. 12 మంది ప్రాణాలు పోయాయి. సైరన్ మోగించడానికి ఫ్యాక్టరీలో 36 చోట్ల ఏర్పాటు ఉన్నా ఒక్క చోటా మోగించలేదని ప్రభుత్వం వేసిన కమిటీయే తేల్చింది. ట్యాంకులో వేడెక్కుతున్న స్టైరీన్‌ను అదుపు చేసే రసాయనం చాలినంత దగ్గర లేక, పశ్చిమ తీరం నుంచి విమానంలో తెప్పించారు. గుమీలో సున్నం, విశాఖలో ఆ రసాయనం. చుట్టూ చెట్లు మాడాయి, పశువులు చచ్చిపోయాయి. కొద్ది రోజులకే జనాన్ని ఇళ్లకు పిలిచారు. భయం లేదని చూపడానికి మంత్రులు ఆ ఊళ్లలో ఒక రాత్రి నిద్ర చేశారు. అక్కడి మట్టిలో, కూరగాయల్లో స్టైరీన్ ఆనవాళ్లు చూసిన శాస్త్రవేత్తలు మాత్రం ఆ చుట్టుపక్కల పండిన కాయగూరలు తినొద్దని చెప్పారు.

మన చట్టంలో ఒక మంచి మాట ఎప్పటి నుంచో ఉంది. భోపాల్ గ్యాస్ ప్రమాదం తర్వాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టానికి 41బీ అనే సెక్షన్ కలిపారు. ప్రమాదకరమైన పని చేసే కర్మాగారం తన దగ్గరున్న రసాయనాల వల్ల వచ్చే ముప్పునూ, దాన్ని ఎదుర్కొనే పద్ధతినీ అందులో పనిచేసే కార్మికులకూ, చుట్టుపక్కల ఉండే జనానికీ తెలియజేయాలని అది చెప్పింది. 1989లో వచ్చిన నిబంధనలు కూడా, పెద్ద ప్రమాదం జరిగితే ఏం చేయాలో ఆ దెబ్బ తగలగల జనానికి ముందే చెప్పాలంటాయి. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ, అచ్యుతాపురం పారిశ్రామికవాడల చుట్టూ ఇళ్లున్నవాళ్లు ఆ సమాచారాన్ని అడగొచ్చు. పక్క ఫ్యాక్టరీలో ఏముంది, గాలి ఎటు వీస్తే మనం ఎటు వెళ్లాలి, దాని విరుగుడు మన ఏరియా ఆస్పత్రిలో ఉందా అని అడగొచ్చు. సర్పంచి అడగొచ్చు, మహిళా సంఘం అడగొచ్చు, స్కూలు హెడ్మాస్టరు అడగొచ్చు. చెప్పనంటే అది చట్టాన్ని మీరడమే.