కొలువులు పోయాక పాటను నిలబెట్టినవాళ్ళు

హైదరాబాదు అనగానే చార్మినారు, ముత్యాలు, బిర్యానీ అంటారు గానీ పాట అనేవాళ్ళు తక్కువ. నిజానికి రెండు వందల ఏళ్ళకు పైగా ఈ ఊరు ఎక్కడెక్కడి నుంచో వచ్చిన గాయకులకూ, తబలా, సారంగీ వాయించేవాళ్ళకూ అన్నం పెట్టిన ఊరు. ఆ అన్నం ఎవరు పెట్టారు, పెట్టే చేతులు పోయాక ఏమైంది అన్నది మన కుటుంబాల్లో పిల్లలకు తెలిస్తే బాగుంటుందని తోచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము. "నవాబులతోనే పాటా పోయింది" అని మన పెద్దవాళ్ళలో కొందరు నిట్టూరుస్తూ ఉంటారు కదా, ఆ మాట సగమే నిజమని మా అభిప్రాయం.

ముందుగా తలచుకోవలసింది మహ్ లఖా బాయి చందా గారిని. 1768లో పుట్టి 1824లో కన్నుమూసిన ఈమె కవయిత్రి, గాయని, నర్తకి. రెండవ, మూడవ నిజాముల దర్బారులో మర్యాదలూ జాగీర్లూ పొందారు. ఆ సంపద ఉంచుకుని ఊరుకోలేదు. వందల మంది ఆడపిల్లలకు ఆటా పాటా నేర్పించారని చెబుతారు. మౌలాలీ గుట్ట కింద తల్లి పక్కనే ఆమె సమాధి ఉంది. గుట్టకు వెళ్ళేవాళ్ళు వేలమంది, ఆ సమాధి దగ్గర ఆగేవాళ్ళు ఎందరో మరి!

ఢిల్లీలో బహదూర్ షా జఫర్ కొలువు 1857తో కూలిపోయింది. అక్కడ పాడిన తాన్‌రస్ ఖాన్ చివరికి హైదరాబాదు చేరి ఇక్కడే పోయారు. మన వార్సీ ఖవ్వాలుల వంశం ఆయనదే. వారిలో అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ గారికి 1971లో పద్మశ్రీ వచ్చింది. మనవలు నజీర్, నసీర్ వార్సీలకు 2014కు సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది. ఢిల్లీలో తెగిన దారం ఇక్కడ ముడిపడిందన్నమాట.

ఖవ్వాలులను బతికించింది దర్బారు ఒక్కటే కాదు. దర్గాల్లో ఉర్సులు, సమా మహఫిళ్ళు ఉన్నాయి. అక్కడ ఒక పద్ధతి గమనించండి. మనసు కరిగిన శ్రోత నోటు తీసి గాయకుడి మీద విసరడు. లేచి వెళ్ళి, మహఫిల్‌లో పెద్దగా కూర్చున్నవారి చేతికి అందిస్తాడు. వారి చేతి మీదుగా అది ఖవ్వాలులకు చేరుతుంది. ఇచ్చింది పది రూపాయలే కావచ్చు, తీసుకునేవాడి తల మాత్రం వంగదు. ఆ డబ్బును ముందు పాడినవాడూ, వెనక చప్పట్లు కొట్టినవాడూ, ఢోలక్ వాయించినవాడూ వాటాలు వేసుకుంటారు. రాజుల బహుమానాల కథలు మనకు చాలా తెలుసు గానీ, ఈ చిల్లర నోట్ల లెక్క ఎవరూ రాసిపెట్టలేదు. ఖవ్వాలీని ఎక్కువ కాలం మోసింది మాత్రం ఇదేనని మాకు అనిపిస్తుంది.

నవాబుల కొలువు ఎంత గొప్పదో అంత నమ్మకం లేనిది కూడా. 1934లో పండిత్ మోతీరామ్ అనే గాయకుడు ఉస్మాన్ అలీ ఖాన్ ఆస్థానంలో నియామకం అందుకోవలసిన రోజునే ఈ ఊళ్ళో ప్రాణం వదిలారు. అప్పటికి ఆయన చిన్నకొడుకు జస్‌రాజ్‌కు నాలుగేళ్ళు. ఆ పిల్లవాడు బడికని బయలుదేరి, దారిలో చిన్న హోటల్లో బేగం అఖ్తర్ రికార్డు పెడితే అక్కడే కూర్చుండిపోయేవాడట. మొదట అన్నలకు తబలా వాయించాడు. పక్కవాయిద్యం వాళ్ళకు జరిగే చిన్నచూపు సహించలేక పద్నాలుగైదేళ్ళ వయసులో తబలా వదిలి గాత్రం పట్టాడు. ఈ చిన్నచూపు సంగతి మనం ఇంకా పూర్తిగా వదిలించుకోలేదు సుమండీ!

నిజాం రెండో కొడుకు మొఅజ్జమ్ జాహ్ గారి కొలువు మరీ విచిత్రం. అది రాత్రి మొదలై తెల్లవారుజాముదాకా సాగేది. దాని ముచ్చట్లన్నీ సిద్క్ జైసీ అనే కవి పుస్తకంగా రాసిపెట్టారు. చిన్నతనంలో అక్కడ పాడిన విఠల్ రావు గారు తర్వాత గజల్ ఉస్తాదుగా ఎంతోమందికి నేర్పి 2015లో పోయారు. హిందువు ఇంట పుట్టి ఉర్దూ గజల్‌కే జీవితం ఇచ్చిన మనిషి. అలాంటివాళ్ళు ఈ ఊళ్ళో అప్పట్లో వింత కాదు.

1948లో పోలీసు చర్య, 1949లో జాగీర్ల రద్దు. దేవిడీల్లో నెల జీతాలు ఆగిపోయాయి. వాయిద్యకారులు ఎక్కడికి పోవాలి? ఇక్కడే మన కథ మలుపు తిరిగింది. 1930ల నుంచీ ఊళ్ళో దక్కన్ రేడియో ఉండనే ఉంది. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణి అయింది. 1916లో షోలాపూర్‌లో పుట్టిన తబలా ఉస్తాద్ షేక్ దావూద్ ఖాన్ గారు దక్కన్ రేడియోలో చేరి, ఆ తర్వాత ఆకాశవాణిలోనూ కొనసాగారు. ప్రతి నెలా జీతం వస్తే ఉస్తాదు ఊరు వదలడు. ఊరు వదలకపోతే ఇంట్లో శిష్యులు చేరతారు. శిష్యులు చేరితే ఊరికి తబలా మిగులుతుంది. ఇది అంత సూటి లెక్క. ఆయనకు 1991కి సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది, 1992లో పోయారు. కొడుకు షబ్బీర్ నిసార్ గారూ తబలాయే పట్టారు.

1952లో ప్రభుత్వ సంగీత కళాశాల, 1961లో రవీంద్రభారతి వచ్చాయి. నేర్చుకోవాలంటే వంశం అడగని చోటు, వినాలంటే నవాబుగారి పిలుపు అక్కర్లేని చోటు దొరికాయి. అయినా పాత చేతులు పూర్తిగా ముడుచుకుపోలేదు. పక్షవాతంతో పడి లేచి మళ్ళీ పాడిన ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ గారిని నవాబు జహీర్ యార్ జంగ్ బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో ఉంచుకుని చూసుకున్నారు. 1968 ఏప్రిల్‌లో ఉస్తాదు అక్కడే కన్నుమూశారు. మన దాయిరా మీర్ మోమిన్‌లో పడుకుని ఉన్నారు. కసూరులో పుట్టి, విభజన తర్వాత పాకిస్తాను వైపు ఉండి, తిరిగి వచ్చి ఈ దేశ పౌరుడైన మనిషికి చివరి చోటు మన ఊళ్ళో దొరికింది. దీనికి మనం కొంచెం గర్వపడినా తప్పులేదు.

నాలుగేళ్ళ పసివాడుగా తండ్రిని ఇక్కడ పోగొట్టుకున్న జస్‌రాజ్ గారు 1972 నుంచి తండ్రి మోతీరామ్, అన్న మణిరామ్‌ల పేర హైదరాబాదులో ఏటేటా సంగీత సమారోహం పెట్టారు. టిక్కెట్టు లేదు. దేశంలోని పెద్ద పెద్ద కళాకారులను రప్పించి ఊరివాళ్ళకు ఊరికే వినిపించారు. తాను పెద్దవాడై బొంబాయిలో స్థిరపడినా ఈ పని మానలేదు. 2020లో ఆయన అమెరికాలో పోయాక కూడా ఆ సమారోహం ఆగలేదు. తండ్రికి అందని కొలువును ఊరంతటికీ కొలువుగా చేశారు కొడుకు. ఉచితం అన్నది వినేవాళ్ళకే. పాడేవాడికి రైలు ఛార్జీ, బస, పారితోషికం ఎవరో ఒకరు మోయాలి కదా. చందా పుస్తకం పట్టుకుని తిరిగిన మన సభ్యులకు ఆ కష్టం చెప్పనక్కరలేదు.

ఇంక ఇంటి సంగతికి వద్దాం. ఏసీ గార్డ్స్‌లో నిజాం ఆఫ్రికన్ అశ్వికదళం వారి సంతతి, బార్కస్‌లో అరబ్బు చావుషుల సంతతి మర్ఫా వాయిస్తారు. పెళ్ళి బారాత్‌లో ఆ దెబ్బ పడితే ముసలివాళ్ళు కూడా కర్రలు పక్కన పెడతారు. హిందువుల ఊరేగింపులకూ వాళ్ళనే పిలుస్తారు. కానీ ఇప్పుడు మన పెళ్ళిళ్ళలో చాలావరకు డీజే పెట్టె వచ్చి కూర్చుంది. పూలకూ, లైట్లకూ అడిగినంత ఇచ్చే మనమే మర్ఫావాళ్ళ దగ్గర వందకూ రెండొందలకూ బేరం ఆడతాము. అర్ధరాత్రి పంపించేటప్పుడు "రేపు రా భాయ్, ఇస్తాం" అంటాము. వచ్చినవాడు పది మందితో వస్తాడు. ఆ రాత్రి పది ఇళ్ళు ఆ డబ్బు కోసం చూస్తుంటాయి.

సభ్యులు తమ ఇళ్ళలో జరిగే పెళ్ళిళ్ళకు మర్ఫా బృందాన్నో ఖవ్వాలులనో పిలిచినప్పుడు ముందే మాట్లాడుకుని, సగం బయానాగా ఇచ్చి, మిగతాది వాళ్ళు వాయిద్యాలు సర్దుకోకముందే చేతిలో పెట్టాలని, వాళ్ళకు భోజనం అతిథులతో పాటే వడ్డించాలని మనవి. తబలా గానీ, పాట గానీ నేర్చుకోవాలని పిల్లలు అడిగితే ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది; ఫీజు కట్టలేని ఇల్లు ఏదైనా ఉంటే మన కార్యాలయంలో చెప్పండి.