ఆరు వారాలయ్యాక రమ్మన్నారు

“ఒంట్లో రక్తం లేదమ్మా. ఇప్పుడు ఆపరేషన్ కుదరదు. ఐరన్ మాత్రలు వేసుకుని, ఆరు వారాలయ్యాక రా.”

2020 మార్చి మూడో వారం. పల్నాడులో మిరప కోతలు జోరు మీదున్న రోజులు. రెండో కాన్పు అయిన బాలింతకు డాక్టరమ్మ చెప్పిన ఆ మాటలో తప్పేం లేదు. ఆ ఆపరేషన్ ట్యూబెక్టమీ, అంటే ఇక పిల్లలు పుట్టకుండా ఆడవాళ్లకు చేసేది. కాన్పయిన ఏడు రోజుల్లోపు చేయాలి. అది దాటితే మళ్లీ ఆరు వారాల తర్వాతే. రక్తం మరీ తక్కువుంటే ఆగక తప్పదు.

ఈ తల్లికి ఇక్కడ పేరు పెట్టలేదు. ఆ ఏడాది ఇలా చిక్కుకున్న ఆడవాళ్ల కష్టాలను కలిపి అల్లిన మనిషి ఆమె. చుట్టూ ఉన్న తేదీలు, ఆంక్షలు, వైద్యం సంగతులు మాత్రం అల్లినవి కావు.

డిశ్చార్జి కాగితం ఇస్తూ నర్సమ్మ ఇంకోటి అడిగింది. “పోనీ కాపర్-టి వేయమంటావా? 48 గంటల్లోపే కాబట్టి ఇక్కడే వేసి పంపిస్తాం.”

ఆమె నోరు విప్పేలోపే అత్త అందుకుంది. “వద్దు తల్లీ. మా వీధిలో ఒకామెకి అది పైకి పాకి గుండెకి తగులుకుందంట. ఇద్దరు చాలు, ఆపరేషనే చేయిస్తాం.”

గర్భసంచిలో పెట్టింది గుండె దాకా ఎలా పోతుందని ఎవరూ అడగలేదు. ఆటో బయట నిలబడి ఉంది.

మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటించారు. ముందు 21 రోజులన్నారు, తర్వాత పొడిగిస్తూ పోయారు. మే మొదట్లో ఆమెకు ఆరు వారాలు నిండేసరికి రోడ్డు మీద బస్సు లేదు. “వెళ్లినా చేయరక్కా, కాన్పులు, ఎమర్జెన్సీలే చూస్తన్నారంట” అంది ఆశ కార్యకర్త గుమ్మం బయటే నిలబడి. మే 4న రాష్ట్రంలో మద్యం దుకాణాలు తెరిచారు. ఏది అత్యవసరమో తేల్చిన వాళ్లెవరో గానీ, వాళ్లలో బాలింత మాత్రం ఉండి ఉండదు.

హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికెళ్లి ఇరుక్కుపోయిన భర్త జూన్‌లో ఇల్లు చేరాడు. రెండు వారాలు వసారాలో పడుకోబెట్టారు. ఆ గడువు తీరిన రోజు ఆశను ఆమె మెల్లగా అడిగింది. “వదినా, ఏమన్నా ఉంటే ఇయ్యి.”

ఆశ సంచి అరుగు మీద గుమ్మరించింది. జ్వరాల సర్వే రిజిస్టరు, శానిటైజర్ సీసా, థర్మామీటరు. అడుగున నలిగిన నిరోధ్ ప్యాకెట్లు, మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రల షీట్లు. “మాలా-ఎన్ నీకు పనికిరాదు, పాలిచ్చే తల్లికి ఆరు నెలల దాకా ఇవ్వకూడదు. ఛాయా మాత్రలైతే ఇచ్చేదాన్ని. స్టాకు రాలేదక్కా.”

నిరోధ్ ప్యాకెట్లు తీసుకుంది. భర్త వాటిని చూసి నవ్వి, అటక మీదికి విసిరేశాడు.

“పాలిస్తన్నావుగా, ఏం కాదులే అమ్మాయ్” అంది అత్త. ఇది సగం నిజం, అందుకే ప్రమాదం. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, నెలసరి తిరిగి రాకూడదు, రాత్రీ పగలూ తల్లిపాలు తప్ప వేరేది పట్టకూడదు. ఈ మూడూ ఉన్నంతవరకే ఆ రక్షణ. జులైలో పాలు చాలడం లేదని రాత్రిపూట గేదెపాలు పట్టడం మొదలెట్టారు. మూడో షరతు అక్కడితో తప్పింది.

ఆగస్టులో రాష్ట్రంలో రోజుకు పదివేల కేసులు. ఆస్పత్రిలో సగం కరోనా పడకలే. ఆపరేషన్‌కు ముందు టెస్ట్ చేస్తారని, పాజిటివ్ వస్తే పసిదాన్ని వేరుచేస్తారని ఊళ్లో చెప్పుకున్నారు. దాంతో ఆమె ఆ ఊసే ఎత్తలేదు. కాన్పు తర్వాత నెలసరి రాలేదు కాబట్టి తప్పిందన్న అనుమానమూ రాలేదు. నవంబర్‌లో ఒకరోజు కడుపులో కదలిక తెలిసింది. స్కాన్‌లో ఐదో నెలన్నారు. అప్పటి చట్టం ప్రకారం గర్భస్రావానికి 20 వారాలే గడువు. “తిరుగుతోంది వదినా, ఇప్పుడెట్టా తీయించుకోను?” అంది ఆశతో.

2021 ఏప్రిల్, సెకండ్ వేవ్. అదే ఆస్పత్రిలో మూడో కాన్పు. రక్తం ఎక్కించారు. ఈసారి ఆపరేషన్ చేసే పంపించారు. కాన్పయ్యాక మళ్లీ గర్భం దాల్చడానికి కనీసం రెండేళ్లు ఆగాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఈమె నాలుగు నెలలు కూడా ఆగలేకపోయింది.

లాక్‌డౌన్ వల్ల దేశంలో దాదాపు రెండున్నర కోట్ల జంటలకు గర్భనిరోధక సేవలు అందకపోవచ్చని 2020 మేలో ఫౌండేషన్ ఫర్ రీప్రొడక్టివ్ హెల్త్ సర్వీసెస్ ఇండియా అంచనా వేసింది. మన దగ్గర దెబ్బ ఇంకో రకం. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి ఆపరేషన్ అయింది. మగవాళ్ల ఆపరేషన్ ఒక శాతమైనా లేదు. ఒక్క రాట మీద వేసిన పందిరి ఇది. ఆపరేషన్ థియేటర్‌కు తాళం పడితే ఇక మిగిలేదేం లేదు. తప్పు వైరస్‌ది మాత్రమే అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

మీ ఇంట్లో ఎవరైనా పురుటికి వెళ్తుంటే, డిశ్చార్జికి ముందే అడగండి. కాపర్-టి 48 గంటల్లోపు వేస్తారు. ఛాయా మాత్ర పాలిచ్చే తల్లీ వాడొచ్చు, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత ఒకటి. అంతర ఇంజెక్షన్ ఆరు వారాల నుంచి, మూడు నెలలకోసారి. ఈ మూడూ సర్కారు ఆస్పత్రిలో ఉచితం.