అమ్మకానికి నక్షత్ర తాబేళ్ల సేకరణ: చట్టం, నైతికత

ముళ్లపొదలు, బీడు భూములు, పొలం గట్లు నక్షత్ర తాబేలుకు నివాసాలు. భారతదేశంలో ఇది గుజరాత్, రాజస్థాన్ ప్రాంతంలోను, దక్షిణాన ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాల మెట్ట ప్రాంతాలలోను సహజంగా కానవస్తుంది. పాకిస్తాన్, శ్రీలంకలలోనూ ఉన్నది. నల్లని డిప్పపై నక్షత్రాకారంలో విచ్చుకున్న పసుపు గీతల కారణంగా విదేశాలలో దీనిని పెంపుడు జంతువుగా కొనుగోలు చేసేవారు అధికం. దేశంలోని ఒకే ఒక వ్యాపార కేంద్రం నుండి ఏడాది కాలంలో కనీసం 55,000 తాబేళ్లు అక్రమంగా సేకరింపబడినట్లు 2015లో ప్రచురితమైన ఒక శాస్త్రీయ అధ్యయనం వెల్లడించింది.

ఈ వ్యాపారం గురించిన వార్తలు సాధారణంగా విమానాశ్రయంలో పట్టుబడిన పెట్టెతో మొదలవుతాయి. చట్టం దృష్టిలో మాత్రం నేరం అంతకు చాలా ముందే, పొలం గట్టున తాబేలును చేతిలోకి తీసుకున్న క్షణముననే జరిగిపోయింది. వన్యప్రాణి (సంరక్షణ) చట్టం, 1972లోని 2వ సెక్షన్ ప్రకారం ‘వేట’ అనగా చంపుట మాత్రమే కాదు. పట్టుట, ఉచ్చు వేయుట, ఎర చూపుట, అందుకై ప్రయత్నించుట సైతం వేటయే. సరీసృపాల గుడ్లను పాడుచేయుట, కదిలించుట కూడా ఇందులో చేరినవి. అట్టి వేటను 9వ సెక్షన్ నిషేధించింది. అక్రమంగా పట్టబడిన జంతువు 39వ సెక్షన్ క్రింద ప్రభుత్వ ఆస్తి అవుతుంది. అనుమతి లేకుండా వన్యప్రాణులను రవాణాకు స్వీకరించరాదని 2003 సవరణ ద్వారా చేర్చబడిన 48ఎ సెక్షన్ నిర్దేశిస్తున్నది. కనుక బస్సు, రైలు, కొరియర్ పార్సిళ్లను స్వీకరించేవారు కూడా బాధ్యత నుండి తప్పించుకోజాలరు.

“మేము పట్టలేదు, కొన్నాము” అన్న సమాధానం విచారణలలో తరచు వినవచ్చేదే. అది చెల్లదు. జంతువు నిందితుని స్వాధీనంలో ఉన్నట్లు రుజువైనచో, అది అక్రమ స్వాధీనమేనని 57వ సెక్షన్ ప్రకారం భావింపబడుతుంది. కాదని నిరూపించుకొనే భారం నిందితునిదే.

చాలా కాలం ఈ ప్రాణి చట్టంలోని నాలుగవ షెడ్యూలులో ఉండేది. 2022 సవరణ చట్టం 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి రావడంతో మొదటి షెడ్యూలుకు చేరింది. ఆ షెడ్యూలులోని జంతువులకు సంబంధించిన వేట నేరానికి మూడు నుండి ఏడు సంవత్సరాల జైలు, రూ. 25,000కు తగ్గని జరిమానా విధించవచ్చును. అంతర్జాతీయంగా సైటీస్ ఒప్పందం రెండవ అనుబంధంలో ఉన్న ఈ జాతిని 2019లో జెనీవా సమావేశం మొదటి అనుబంధానికి మార్చింది. ఈ ప్రతిపాదన చేసిన దేశాలలో భారత్ ఒకటి.

ఇక నైతిక ప్రశ్న. పొలాలలో తాబేళ్లను ఏరి తెచ్చేవారు ఎక్కువగా భూమి లేని కూలీలు, సంచార కుటుంబాలవారు. వారికి ముట్టేది కొద్ది మొత్తం. లాభం పైనున్న దళారులది, ఎగుమతిదారులది. కూలీని పట్టి కేసు మూసివేయడం సులువు గాని, దానివల్ల వ్యాపారం ఆగదు. మూడేళ్లు లేదా అంతకు మించి శిక్ష విధింపదగిన నేరాలలో శిక్షపడినవారు అక్రమంగా గడించిన ఆస్తులను జప్తు చేసే అధికారాన్ని 2003 సవరణలోని 6ఎ అధ్యాయం ఇచ్చింది. దర్యాప్తు పై వరుసకు చేరినప్పుడే దాని ప్రయోజనం. రాష్ట్రాలు, దేశాల సరిహద్దులు దాటే కేసులలో 2007లో ఏర్పాటైన వన్యప్రాణి నేర నియంత్రణ బ్యూరో సహకారం లభిస్తుంది.

పెంచుకొనేవారి వాదన మరొకటి. ప్రేమగా చూసుకుంటున్నాము, ఇంటికి శుభం అంటారు. శ్రీకూర్మం క్షేత్రంలో నక్షత్ర తాబేళ్లకు గల గౌరవం అందరికీ తెలిసినదే. అయితే ఆ గౌరవం అంగడిలో కొనుటకు అనుమతి కాదు. ఆడ తాబేలు గుడ్లు పెట్టే వయస్సుకు రావడానికి ఏళ్లు పడుతుంది, పెట్టే గుడ్లూ కొద్దివే. పెద్ద తాబేళ్లను ఏరివేసిన చోట ఆ లోటు త్వరగా పూడదు.

స్వాధీనం చేసుకున్నంత మాత్రాన ప్రాణి రక్షింపబడినట్లు కాదు. గుడ్డలో చుట్టి, టేపు వేసి, నీరు లేక తరలించిన వాటిలో కొన్ని దారిలోనే మరణిస్తాయి. మిగిలినవి ఏ ప్రాంతానివో తెలియదు. వేర్వేరు చోట్లవి ఒకచోట కలిసినప్పుడు వ్యాధులు సోకుతాయి, స్థానిక జాతుల జన్యు ప్రత్యేకత చెదురుతుంది. అందుకే దొరికిన అడవిలో వదిలివేయడం సరికాదు. సింగపూర్ నుండి తిరిగి వచ్చిన తాబేళ్ల మూలస్థానం తెలుసుకొనేందుకు హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు డీఎన్ఏ విశ్లేషణ జరిపి 2006లో ఫలితాలు ప్రచురించారు. 2018 నవంబరులో సింగపూర్ నుండే మరో 51 తాబేళ్లు కర్ణాటకకు తిరిగి వచ్చాయి.

పాత్రికేయ మిత్రులకు ఒక విన్నపం. పట్టుబడిన తాబేళ్ల ‘మార్కెట్ విలువ’ను శీర్షికలో ప్రచురించడం ఆ వ్యాపారానికి ఉచిత ప్రకటన వంటిది. సేకరణ జరిగిన గ్రామం పేరు కూడా అంతే. వీటికి బదులు అరెస్టయినవారు ఏ వరుసలోనివారు, ప్రాణులను ఎక్కడికి తరలించారు, కోర్టులో కేసు ఏ దశలో ఉన్నది అన్న వివరాలను సంబంధిత అటవీ డివిజన్ కార్యాలయం నుండి కోరవచ్చును. తాబేలు కనిపించిన పౌరులు దానిని ఇంటికి తీసుకుపోక, సమీప అటవీ రేంజి కార్యాలయానికి తెలియజేయవలెను.