వడ్రంగి చేసిన గడియారము



గడియ యనగా 24 నిమిషములనియు, 60 గడియలు గడచినచో నొక యహోరాత్రము నిండుననియు మీవంటి పెద్దలకు నేను చెప్పనక్కఱలేదు. రాగిగిన్నె యడుగున సన్నని బెజ్జము వేసి నీళ్ళలో విడిచి, అది నిండి మునుగుటనుబట్టి మన పూర్వులు గడియను కొలిచిరి. గడియారమను పేరు ఆ గడియనుండి పుట్టినదే. కాని నేటి ప్రసంగము గిన్నెను గూర్చినది కాదు. ఇంగ్లండు దేశమున నొక పల్లెటూరి వడ్రంగి, గడియారపు పనిని ఏ గురువునొద్దను నేర్వనివాడు, తన చేతులతో చేసిన గడియారములను గూర్చియు, వానిని పండితులచేత నొప్పించుటకై యతడు పడిన నలువదియేండ్ల శ్రమను గూర్చియు నాలుగు మాటలు చెప్పెదను.

అతని పేరు జాన్ హారిసన్. 1693లో యార్కుషైరు సీమలోని ఫౌల్బీ యను చోట పుట్టెను. తండ్రి వడ్రంగి. కొన్నియేండ్లకు కుటుంబము హంబరు నదికి దక్షిణముననున్న బారో గ్రామమునకు చేరగా, పిల్లవాడు తండ్రి పనియే పట్టెను. బడిచదువు అంతంతమాత్రము. ఆ ప్రాంతమునకు వచ్చిన మతాచార్యుడొకడు వాని యాసక్తిని గమనించి యొక వ్రాతప్రతిని ఎరువిచ్చెను. పసితనమున మశూచిచే కన్నులు పోయినను కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున గణితాచార్యపీఠ మెక్కిన సాండర్సన్ అను విద్వాంసుని యుపన్యాసములవి. హారిసన్ ఆ పుస్తకమునంతయు, పటములతోసహా, తన చేతితో వ్రాసికొనెను. ప్రతి చూచి వ్రాసికొనుటయే సగము చదువని మా గురువుగారు చెప్పుచుండెడివారు. ఆ సగముతోనే యితడు బయలుదేరెను.

1713లో, ఇరువదియేండ్ల వయసున, మొదటి గడియారము చేసెను. అది లోలకపు గడియారము. లోపలి చక్రములును ఇంచుమించుగా కఱ్ఱవే. ఇత్తడి ఖరీదైనది, కఱ్ఱ చేతికందినది, గుణమెఱిగినది. కఱ్ఱచక్రమునకు పండ్లు కోయుటలో నొక చిక్కు కలదు. ఒకే పలకనుండి చక్రమును కోసినచో, నార పొడవున వచ్చిన పండ్లు గట్టిగా నుండును. నారకు అడ్డముగా వచ్చినవి విఱిగిపోవును. హారిసన్ ఓక్ కఱ్ఱను చిన్న ముక్కలుగా చేసి, ఒక్కొక్క ముక్కలో నార నడిమినుండి వెలుపలికి పోవునట్లు చక్రపు అంచున గాడిలో నిలిపి, వానికి పండ్లు తీర్చెను. బండిచక్రమునకు ఆకులు దిగవేయు మన వడ్రంగులకు ఈ మాట విప్పి చెప్పబనిలేదు. 1713, 1715, 1717 సంవత్సరములలో చేసిన మూడు గడియారముల పనిముట్లు నేటికిని నిలిచియున్నవి.

1722 ప్రాంతమున బ్రాక్లెస్‌బీ యను జమీందారీ భవనమున అశ్వశాలపై నొక పెద్ద గడియారము కట్టుమని యతనిని పిలిచిరి. ఆనాటి గడియారములకు గొప్ప శత్రువు నూనె. వేసిన నూనె కొన్నాళ్ళకు జిగురై చక్రములను పట్టివేసెడిది. అందఱును మంచి నూనెకై వెదకుచుండగా, హారిసన్ నూనె యక్కఱయే లేని గడియారమును చేయ దలచెను. అమెరికా ఉష్ణప్రాంతములనుండి వచ్చు లిగ్నమ్ వీటే యను ఇనుమువంటి చేవకఱ్ఱ కలదు. అది తనంత తానే చమురు నూరును. రాపిడి పడు చోటులందు ఆ కఱ్ఱను పెట్టెను. ఆ గడియారము మూడువందల యేండ్లు దాటినను ఇంకను నడుచుచున్నది.

తరువాత తమ్ముడు జేమ్సుతో కలసి లోలకమును చక్కజేసెను. ఎండకు లోలకపు కమ్మి సాగును, గడియారము వెనుకబడును. చలికి కుంచించుకొనును, గడియారము ముందునకు పోవును. ఉక్కు కంటె ఇత్తడి యెక్కువ సాగునని యెఱిగి, రెంటి కమ్మీలను ఒకదాని ప్రక్క నొకటి జాలరము వలె కూర్చి, ఒకటి క్రిందికి సాగినంత మఱియొకటి పైకి సాగునట్లు చేసెను. లోలకపు పొడవు చలికిని ఎండకును మాఱకుండెను. ఇది సరిగా నున్నదో లేదో చూచుట కాయూరిలో వేధశాల లేదు. తన కిటికీ చట్రమును, పొరుగింటి పొగగొట్టమును గుఱుతుగా పెట్టుకొని, రాత్రులు ఒక నక్షత్రము ఆ గొట్టము వెనుక మఱుగగు క్షణమును కనిపెట్టుచుండెను. నక్షత్రము ప్రతిరాత్రియు 3 నిమిషముల 56 సెకండ్లు ముందుగా మఱుగు కావలెను. ఆ లెక్కచొప్పున తన గడియారము నెలకొక్క సెకండు కంటె నెక్కువ తప్పుట లేదని హారిసన్ చెప్పుకొనెను. లండను నగరపు పేరుమోసిన పనివారి గడియారములకు సైతము అంతటి నిలుకడ లేదు.

ఇక సముద్రపు మాట. మన సిద్ధాంతగ్రంథములు ఉజ్జయినిమీదుగా పోవు రేఖను మూలముగా గొని, దానికి తూర్పు పడమరలనున్న యూళ్ళకు దేశాంతర సంస్కారమును చెప్పినవి. లెక్క ప్రకారము చంద్రగ్రహణము కావలసిన గడియకును, మన యూరిలో కంటికి కనబడిన గడియకును గల భేదమే దేశాంతరమును తెలుపునని సూర్యసిద్ధాంతము. భూమి గడియకు 6 భాగలు తిరుగును గదా. కాని గ్రహణమునకై కాచుకొని కూర్చుండుట నేలమీది జ్యోతిష్కునకు చెల్లును గాని నావికునకు చెల్లదు. బయలుదేరిన రేవు కాలమును చూపు గడియారమొకటి ఓడలో నున్నచో, నడిసముద్రమున సూర్యుడు నడినెత్తికి వచ్చినపుడు దానిని చూచి, భేదమునుబట్టి తానెంత దూరము వచ్చెనో తెలిసికొనవచ్చును. ఈ యుపాయము అందఱకును తెలిసినదే. అట్టి గడియారము లేదు, అదియే కొఱత. ఊగు ఓడలో లోలకము నిలువదు. 1707 అక్టోబరులో షవెల్ అను నౌకాధిపతి ఓడలు, తామున్న చోటు తెలియక, సిల్లీ దీవుల రాళ్ళకు తగిలి నాలుగు మునిగెను. 1,400 మందికి తక్కువ గాకుండ చనిపోయిరి.

1714లో ఆ దేశపు పార్లమెంటు శాసనము చేసెను. ఇంగ్లండునుండి పశ్చిమ ఇండియా దీవులవఱకు పోవు ప్రయాణమున దేశాంతరమును అరభాగ లోపల చెప్పగలవానికి 20,000 పౌనుల బహుమానము. అరభాగ యనగా 5 విగడియలు, రెండే నిమిషములు. ఆఱువారముల ప్రయాణమునకు ఇంతే తప్పు సహింపబడును. దినమునకు మూడు సెకండ్లయినను లేదు. ఓడ కదలికయు, వేడియు, చలియు, తేమయు తట్టుకొను గడియార మింతవఱకు పుట్టలేదని న్యూటను మహాశయుడే చెప్పెను. చంద్రుడు నక్షత్రములకు ఎంత యెడముగా నున్నాడో కొలిచి గణితము చేయుటయే మార్గమని జ్యోతిశ్శాస్త్రజ్ఞులు నమ్మిరి.

1730లో హారిసన్ పటములు చంకబెట్టుకొని లండనునకు పోయెను. రాజజ్యోతిష్కుడైన హాలీ యతనిని గ్రాహము అను గడియారపు పనివానియొద్దకు పంపెను. గ్రాహము ఆ విద్యలో నప్పటికి మేటి. ప్రొద్దుట మొదలైన మాటలు రాత్రి యెనిమిది గంటలవఱకు సాగినవట. గ్రాహము వడ్డీ లేకుండ డబ్బు బదులిచ్చి పంపెను. పనివాని యోగ్యతను మొదట గుర్తించినవాడు మఱియొక పనివాడని మీరు గమనింతురు గాక.

1735కు మొదటి సముద్రపు గడియారము తయారయ్యెను. 34 కిలోల బరువు. లోలకమునకు బదులు స్ప్రింగులతో బంధించిన రెండు తూకపుకాడలు ఎదురెదురుగా నూగును. పెద్దచక్రములు అప్పటికిని ఓక్ కఱ్ఱవే. 1736లో దానితో లిస్బనునకు పోయి వచ్చుచుండగా, కనబడిన నేల స్టార్టు భూశిరమని ఓడవారనిరి, కాదు లిజర్డు అని హారిసన్ యనెను. రెంటికిని నడుమ సుమారు 60 మైళ్ళు. అది లిజర్డే. పరీక్షకులు మెచ్చిరి, కాని హారిసనే తన పనిలో లోపము చెప్పి, ఇంకను మేలైనది చేసెదననెను. రెండవది చేసి, దానియందు దోషము కనిపెట్టి, పరీక్షకు పంపనేలేదు. మూడవదానిపై 19 ఏండ్లు పోయినవి. అందు 753 భాగములు కలవు. తుదకు 1759లో నాలుగవది వచ్చెను. అది గడియారము కాదు, అరచేతిలో పట్టు పెద్ద వాచీ. 13 సెంటీమీటర్ల వెడల్పు. ఇన్నియేండ్లు పెద్దదానిని నమ్ముకొనినవాడు చిన్నదానిలో బలము కలదని అఱువదియేండ్లు దాటిన పిమ్మట ఒప్పుకొని మొదటినుండి మొదలుపెట్టెను. అది నాకు అతని పనులన్నిటికంటె గొప్పగా తోచును.

1761 నవంబరులో కొడుకు విలియము ఆ వాచీతో జమైకాకు బయలుదేరెను. 81 దినములకు 5 సెకండ్ల భేదము వచ్చెను. బహుమానము చేతికి వచ్చినట్లే యనిపించును. సభవారు మాత్రము జమైకా దేశాంతరమే సరిగా తెలియదనిరి, కాకతాళీయమనిరి. 1764లో బార్బడోసునకు మఱల పంపిరి. 47 దినములకు 39 సెకండ్లు, అనగా కోరినదానికి మూడవపాలు తప్పు. అప్పుడు వాచీని విప్పి మర్మము చూపుమనియు, ఇతరులును అట్టివి చేయగలరని తేలిననే గాని పూర్తి పైకము రాదనియు క్రొత్త నిబంధనలు పెట్టిరి. 1765లో హారిసన్ తన యింట దానిని భాగభాగముగా విప్పి చూపెను. సగమిచ్చిరి.

సభవారి శంకలో న్యాయము లేకపోలేదు. ఒక్కడే చేయగల వస్తువు ఒక దేశపు ఓడలన్నిటికి ఎట్లు చాలును? కాని ఆ సభలో తీర్పరి మాస్కలైను, చంద్రగణితపద్ధతికి స్వయముగా పక్షపాతి; 1765లో రాజజ్యోతిష్కుడును ఆయెను. 1766లో పెద్ద గడియారములు మూడింటిని గ్రీనిచ్ వేధశాలకు తరలించుటకు స్ప్రింగులు లేని బండిని తెచ్చిరి. మోయుచుండగా మొదటిది చేయిజాఱి పడెను.

నేనీ కథ చదివినప్పుడు ఆ సభవారిని నిందింప నోరు రాలేదు. ఎందుకనగా నేను పనిచేసిన యొక బడిలో గోడగడియారము తఱచు ఆగిపోవుచుండెను. పట్టణమునకు మూడుమాఱులు పంపి బాగుచేయించితిమి. తెచ్చి తగిలించిన వారమునకే ఆగెడిది. బల్లలకు కాళ్ళు వేయ వచ్చిన వడ్రంగి కొంతసేపు చెవియొగ్గి విని, "అయ్యవారూ, దీని నడకలో ఒక అడుగు పొడుగు, ఒక అడుగు పొట్టి" అనెను. నీ పని నీవు చూచుకొమ్మంటిని. నేను భోజనమునకు పోయి వచ్చుసరికి వాడు గడియారపు పెట్టె క్రింద ఒక ప్రక్క సన్నని చీలిక దోపి దానిని కొంచెము ఒరగించెను. టిక్కు టక్కులు సమమయ్యెను. నేనున్నంత కాలము మఱల ఆగలేదు. పలక వంకరగా నున్న గోడపై తగిలించుటచేత లోలకము రెండువైపులకు సమముగా విడుదల కాక యుండెనని పుస్తకము చూచి తరువాత తెలిసికొంటిని. వానికొక మంచిమాట చెప్పవలెనని మాత్రము ఆనాడు నాకు తోచలేదు.

హారిసన్ కథ ముగింపునకు వచ్చుచున్నది. కెండల్ అను పనివాడు ఆ వాచీకి నకలు చేసెను. 1772లో కెప్టెను కుక్కు దానిని దక్షిణసముద్రములకు తీసికొనిపోయి 1775లో తిరిగివచ్చి మెచ్చుకొనెను. హారిసన్ చేసిన మఱియొక వాచీని 1772లో మూడవ జార్జిరాజు తన వేధశాలలో పది వారములు పరీక్షింపగా దినమునకు సెకండులో మూడవవంతు కూడ తప్పలేదు. రాజు పట్టుపట్టగా 1773లో పార్లమెంటు 8,750 పౌనులిచ్చెను. అప్పటికి హారిసనునకు 80 ఏండ్లు. 20,000 పౌనుల బహుమానము ఆ సభ యెవ్వరికిని ప్రకటింపనేలేదు. 1776 మార్చి 24న అతడు మృతినొందెను.

గడియారములు నూఱేండ్లకు పైగా గ్రీనిచ్‌లో చిలుముపట్టి పడియుండెను. 1920లో వానిని చూచి, జీతము లేకుండ శుభ్రము చేసి నడిపించినవాడు గూల్డు అను నావికోద్యోగి. అతడును వృత్తిచేత గడియారములవాడు కాడు.

మరణమునకు ముందేడు, 1775లో, హారిసన్ చిక్కుచిక్కు వాక్యములతో నొక పుస్తకమచ్చొత్తించెను. తన పద్ధతిని చేసిన లోలకపు గడియారము 100 దినములకు ఒక్క సెకండు లోపల నడుచునని అందు వ్రాసెను. ముసలివాని మతిభ్రమయని ఆనాటి విమర్శకులు పరిహసించిరి. బర్జెస్ అను శిల్పి యతని సూత్రముల ననుసరించి యొక గడియారమును మొదలుపెట్టగా ఇతరులు దానిని పూర్తిచేసిరి. దానిని గ్రీనిచ్‌లో ముద్రలువేసిన పెట్టెలో నుంచి 100 దినములు చూచి 2015లో ఫలితము ప్రకటించిరి. వచ్చిన భేదము, ఒక సెకండును ఎనిమిది పాళ్ళు చేసినచో, అయిదు పాళ్ళు.