వరహాకు మూడున్నర రూపాయలు: కడప రైతు కట్టిన మారకం లెక్క

ప్రొద్దుటూరులో ఇవాళ బంగారం కొనాలంటే ముందు ఏం చేస్తాం? ఫోన్ తీసి గ్రాము రేటు చూస్తాం. రెండు వందల ఏళ్ల కిందట మన ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, పులివెందుల రైతుకు కూడా బంగారానికి రూపాయి ఎంత అనే లెక్క తెలియాల్సి వచ్చేది. అయితే నగల కోసం కాదు, శిస్తు కట్టడానికి.

అప్పట్లో ఇక్కడ రెండు రకాల డబ్బు నడిచేది. ఒకటి వరహా, బంగారు నాణెం. విజయనగర రాజుల కాలం నుంచి వస్తున్నదే. వరాహమూర్తి బొమ్మ ఉన్న నాణేల వల్ల ఆ పేరు వచ్చింది. ఇంగ్లీషువాళ్లు దాన్నే పగోడా అన్నారు. రెండోది రూపాయి, వెండి నాణెం. ఇది మొగలుల వైపు నుంచి దిగింది.

ఇక్కడ మన జిల్లా చరిత్ర ఒకసారి చూడాలి. 1779లో హైదర్ అలీ కడప నవాబును ఓడించి ఈ సీమను పట్టుకున్నాడు. 1792లో టిప్పు సుల్తాన్ దీన్ని నిజాంకు వదిలేయాల్సి వచ్చింది. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. అంటే 21 ఏళ్లలో నవాబు, మైసూరు, నిజాం, కంపెనీ, నలుగురి పాలన. దొర మారాడని రైతు మూటలో ఉన్న నాణేలు మారవు కదా! ఒక్కొక్కరి వరహాది ఒక్కో బరువు, ఒక్కో మేలిమి. రూపాయల్లోనూ అంతే, ఎన్నో రకాలు.

మరి ఏ నాణెం ఎంత విలువో ఎవరు చెప్పాలి? షరాబు. ఆయన నాణేన్ని తూచి, గీటురాయి మీద గీసి చూసి, "ఇది కొంచెం తక్కువ" అని ఇంత కోసుకునేవాడు. దాన్నే వట్టం అనేవాళ్లు. ఇప్పటి మాటలో కమీషన్ అనుకోండి.

కంపెనీ మద్రాసు లెక్క ఇలా ఉండేది. ఒక వరహాకు 42 ఫణాలు. ఒక ఫణానికి 80 కాసులు. అంటే ఒక వరహాకు 3,360 కాసులు. రూపాయల్లో అయితే వరహాకు మూడున్నర. కానీ ఇది పుస్తకంలో రేటు. బజారులో బంగారం, వెండి ధరలు మారితే ఇదీ అటూ ఇటూ కదిలేది.

1800 నుంచి 1807 దాకా మన సీమకు పెద్ద కలెక్టరు థామస్ మన్రో. ఆయన కాలంలో శిస్తు లెక్కలు వరహాల్లోనే నడిచాయి. ఉదాహరణకు ఒక రైతు శిస్తు 10 వరహాలు అనుకుందాం. మూడున్నర చొప్పున 35 రూపాయలు. ఆయన దగ్గరున్న రూపాయలకు షరాబు నూటికి 5 వట్టం పట్టుకున్నాడనుకోండి. అప్పుడు 35కు బదులు దాదాపు 37 ఇవ్వాలి. పొలం పెరగలేదు, పంట పెరగలేదు, శిస్తు కూడా పెరగలేదు. అయినా రెండు రూపాయలు పోయాయి!

ఈ గందరగోళం కంపెనీకీ తలనొప్పే. 1808 ప్రాంతంలో మద్రాసు టంకశాల వెండితో పావు వరహా, అర వరహా నాణేలు కొట్టింది. వాటి మీద ఒకవైపు గుడి గోపురం, ఇంకోవైపు విష్ణుమూర్తి. చుట్టూ ఇంగ్లీషు, పారశీకం, తమిళంతో పాటు మన తెలుగు అక్షరాలు కూడా ఉన్నాయి. అంటే బంగారు నాణెం పేరు పెట్టుకున్న వెండి నాణేలన్నమాట.

చివరికి 1818లో కంపెనీ తేల్చేసింది. ఇక మద్రాసు రాజధాని మొత్తానికి లెక్క వెండి రూపాయిలోనే. పాత పద్దులన్నీ 100 వరహాలకు 350 రూపాయల చొప్పున మార్చారు. 1835లో కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాలన్నిటికీ ఒకే రూపాయి వచ్చింది. దాని బరువు 180 గ్రెయిన్లు, అంటే సుమారు 11.66 గ్రాములు. 1818 నాటి మద్రాసు రూపాయి బరువు కూడా అంతే.

మరి రైతు కష్టం తీరిందా? తీరలేదు. శిస్తు రూపాయల్లో నిలిచిపోయింది గానీ గింజల ధర నిలవలేదు. 1820ల నడిమి నుంచి 1850ల మొదటిదాకా మద్రాసు రాజధానిలో ధాన్యం ధరలు బాగా పడిపోయాయి. అదే శిస్తు కట్టడానికి అంతకుముందు కంటే ఎక్కువ జొన్నలు అమ్మాల్సి వచ్చింది. వరహాకు రూపాయలెన్ని అనే ప్రశ్న పోయి, రూపాయికి జొన్నలెన్ని అనే ప్రశ్న మిగిలింది.

శిస్తు బరువు మన్రోకు తెలియనిది కాదు. 1807లో వెళ్లిపోయే ముందు నూటికి 25 వంతులు తగ్గించాలని పైకి రాశాడు. అప్పుడు వినలేదు. ఆయనే 1820లో గవర్నరుగా తిరిగొచ్చాక గానీ ఆ తగ్గింపు రాలేదు.

కాబట్టి పాత పత్రాల్లో మారకం రేటు ఎక్కడ కనిపించినా ఒక్క మాట అడగండి: ఆ తేడా ఎవరు భరించారు? నాణేలు కొట్టినవాళ్లు కాదు, మార్చినవాళ్లూ కాదు. పంట పండించినవాళ్లే.

ఇప్పుడు వరహా చెల్లదు, కాసు చెల్లదు. కానీ మన ఇళ్లలో డబ్బును ఇంకా "దుడ్లు" అంటారు చూడండి, ఆ దుడ్డు కూడా ఒకప్పటి రాగి నాణెమే. మీ ఊళ్లో పెద్దోళ్లు ఇంకా ఏమేం నాణేల పేర్లు చెబుతారో అడిగి కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.